మానవ అస్థిపంజరం: నిర్మాణం, విధులు, ఫ్లోరైడ్ ముప్పు

వయోజనుల శరీరంలో సాధారణంగా 206 ఎముకలు ఉంటాయి. పుట్టిన శిశువులో ఈ సంఖ్య సుమారు 270 నుంచి 300 వరకు ఉంటుంది. ఎదుగుదల క్రమంలో కొన్ని ఎముకలు ఒకదానితో ఒకటి కలిసిపోవడమే ఈ తేడాకు కారణం. వెన్ను అడుగుభాగాన ఉండే త్రికాస్థి బాల్యంలో 5 విడి పూసలుగా ఉండి, క్రమంగా ఒకే ఎముకగా అతుక్కుంటుంది.

పాఠశాల ప్రయోగశాలలో వేలాడే అస్థిపంజరాన్ని చూసినవారు ఎముకను ఎండిన, జీవంలేని పదార్థంగా భావించడం పరిపాటి. కాని సజీవ దేహంలోని ఎముకకు రక్తనాళాలు, నాడులు ఉంటాయి. అది నిరంతరం కరుగుతూ, తిరిగి నిర్మితమవుతూ ఉంటుంది. మనిషి తినే ఆహారంలోని, తాగే నీటిలోని ఖనిజాలు అందులోకి చేరుతాయి. ఈ చివరి విషయం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని కొన్ని ప్రాంతాలకు ఒక విషాదంగా అనుభవంలోకి వచ్చింది.

ఎముకల లెక్క ప్రాచీనుల దృష్టినీ ఆకర్షించింది. చరక సంహిత 360 ఎముకలను పేర్కొనగా, సుశ్రుత సంహిత శల్యశాస్త్రం ప్రకారం 300 అని చెప్పింది. దంతాలను, కొన్ని మృదులాస్థులను, చరకుని విషయంలో గోళ్లను కూడా కలిపి లెక్కించడం వల్ల ఆ సంఖ్యలు పెద్దవయ్యాయి. ఆధునిక శాస్త్రం వీటిని ఎముకలుగా పరిగణించదు. కనుక ఈ వ్యత్యాసంలో చాలా భాగం నిర్వచనానికి సంబంధించినదే.

రెండు విభాగాలు

అధ్యయన సౌలభ్యం కోసం అస్థిపంజరాన్ని రెండుగా విభజిస్తారు. శరీర మధ్యరేఖ వెంట ఉన్న 80 ఎముకలు అక్షాస్థిపంజరం. పుర్రెలోని 22, రెండు చెవుల్లోని 6 చిన్న ఎముకలు, గొంతు భాగంలోని కంఠాస్థి, వెన్నెముకలోని 26, పక్కటెముకలు 24, రొమ్ము ఎముక ఒకటి ఇందులోకి వస్తాయి. కాళ్లు, చేతులు, వాటిని మొండేనికి కలిపే భుజ, కటి వలయాలకు చెందిన 126 ఎముకలు అనుబంధాస్థిపంజరం. ఒక్కో చేతి మణికట్టు నుంచి వేళ్ల చివరి వరకు 27, ఒక్కో పాదంలో 26 చొప్పున లెక్కిస్తే 106 అవుతాయి. అంటే మొత్తం ఎముకల్లో సగానికి పైగా అరచేతులు, పాదాల్లోనే ఉన్నాయి. సూక్ష్మమైన పనికి, సమతూకంతో కూడిన నడకకు ఇన్ని చిన్న ఎముకల అమరిక అవసరమైంది.

శరీరంలో అతి పొడవైనది తొడ ఎముక. మనిషి ఎత్తులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. అతి చిన్నది మధ్యచెవిలోని అంకవన్నె; దాని పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. కంఠాస్థి మరే ఇతర ఎముకతోనూ కీలు ఏర్పరచదు. కండరాలు, బంధకాల ఆధారంతోనే అది నిలిచి ఉంటుంది.

ఆధారం నుంచి ఖనిజ నిల్వ వరకు

దేహానికి ఆకృతిని, ఆధారాన్ని ఇవ్వడం, మెదడు, గుండె, ఊపిరితిత్తుల వంటి సున్నిత అవయవాలను రక్షించడం, కండరాలకు పట్టునిచ్చి కదలికను సాధ్యం చేయడం అందరికీ తెలిసిన విధులు. భుజం, తుంటి వద్ద బంతిగిన్నె కీళ్లు, మోచేయి వద్ద మడతబందు కీలు కదలిక దిశలను నిర్ణయిస్తాయి. అంతగా ప్రచారంలో లేని రెండు విధులు ఇంతకంటే కీలకమైనవి.

మొదటిది రక్తకణాల ఉత్పత్తి. పెద్దలలో రొమ్ము ఎముక, పక్కటెముకలు, వెన్నుపూసలు, కటి ఎముకల్లోని ఎర్ర మూలుగ క్షణానికి దాదాపు 20 లక్షల ఎర్రరక్తకణాలను తయారు చేస్తుంది. ఒక్కో కణం ఆయుష్షు సుమారు 120 రోజులు మాత్రమే కనుక ఈ ఉత్పత్తి ఆగడానికి వీలులేదు.

రెండవది ఖనిజాల నిల్వ. శరీరంలోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లోను, దంతాల్లోను ఉంటుంది. మిగిలిన స్వల్పభాగం పైనే గుండె స్పందన, కండరాల సంకోచం, నాడీ సంకేతాలు, రక్తం గడ్డకట్టడం ఆధారపడి ఉన్నాయి. రక్తంలో కాల్షియం తగ్గిన వెంటనే పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోనును విడుదల చేస్తాయి. దాని ప్రభావంతో ఎముక నుంచి కాల్షియం రక్తంలోకి చేరుతుంది. ఆహారంలో లోటు ఏళ్ల తరబడి కొనసాగితే శరీరం ఎముకను కరిగించి గుండెను నడుపుకొంటుంది. రక్తపరీక్షలో కాల్షియం సరిగా ఉన్నంత మాత్రాన ఎముకలు దృఢంగా ఉన్నాయని చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

ఈ జమాఖర్చులను రెండు రకాల కణాలు నిర్వహిస్తాయి. ఆస్టియోక్లాస్టులు పాత ఎముకను కరిగిస్తాయి. ఆస్టియోబ్లాస్టులు కొత్తదానిని నిర్మిస్తాయి. పెద్దలలో ఏటా దాదాపు 10 శాతం ఎముక ఇలా మారుతుంది. సుమారు 30 ఏళ్ల వయసు నాటికి ఎముక సాంద్రత గరిష్ఠస్థాయికి చేరి, ఆపై క్రమంగా తగ్గుతుంది. రుతుచక్రం ఆగిన తర్వాత ఈస్ట్రోజన్ తగ్గడంతో స్త్రీలలో ఈ క్షీణత వేగవంతమవుతుంది.

నీటి నుంచి ఎముకలోకి

ఎముకకు గట్టితనం ఇచ్చేది కాల్షియం, ఫాస్ఫేట్లతో ఏర్పడిన హైడ్రాక్సీఅపటైట్ స్ఫటికం. వంగినా విరగని గుణాన్ని ఇచ్చేది కొల్లాజెన్ అనే ప్రొటీను. తాగునీటిలో ఫ్లోరైడ్ అధికమైతే అది ఆ స్ఫటికంలోని హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. అప్పుడు ఎముక ఎక్స్‌రేలో మరింత దట్టంగా కనిపిస్తుంది, కాని పెళుసుబారుతుంది. కీళ్ల చుట్టూ ఉన్న బంధకాలు కూడా ఎముకలా గట్టిపడతాయి. వెన్ను, మెడ బిగుసుకుపోతాయి. తీవ్రదశలో వెన్నుపాముపై ఒత్తిడి పడి కాళ్లు చచ్చుబడవచ్చు. ఎదిగే ఎముక ఫ్లోరైడ్‌ను ఎక్కువగా గ్రహిస్తుంది కనుక పిల్లలకు ముప్పు అధికం. దంతాలపై మచ్చలు, పసుపు లేదా గోధుమరంగు చారలు తొలి సూచనలు.

భారతదేశంలో ఈ వ్యాధిపై తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వెలువడింది. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాకు చెందిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల రోగులను షార్ట్, ఆయన సహచర వైద్యులు అందులో వివరించారు. మనుషులలో గుర్తించకముందే తమ ఎద్దుల కీళ్లు బిగుసుకుపోవడాన్ని రైతులు గమనించినట్లు చెబుతారు. 1970వ దశకంలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ ప్రభావిత ప్రాంతాల యువకులలో మోకాళ్లు లోపలికి వంగే వైకల్యాన్ని నమోదు చేశారు. ఒకే నీరు తాగినా ఆహారంలో కాల్షియం లోపించినవారికి నష్టం ఎక్కువ. అందుకే ఈ వ్యాధి పేదలపై అధిక భారాన్ని మోపింది.

గ్రానైటు వంటి రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలో కరుగుతుంది. భారత ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో అది 1 మిల్లీగ్రాముకు మించరాదు. మరో వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉంది. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన శుద్ధి విధానానికి నల్గొండ పేరే స్థిరపడింది. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి, మడ్డి పేరుకున్నాక పైతేటను వాడుకోవడం దాని సారాంశం. చవకైన పద్ధతే అయినా ప్రతిరోజూ మోతాదు చూసి కలిపేవారు ఉండాలి, మడ్డిని తొలగించాలి. గ్రామస్థాయిలో అది కష్టసాధ్యం. ఫ్లోరైడ్ తక్కువగా ఉండే నదీజలాలను గొట్టాల ద్వారా ఇళ్లకు చేర్చడం మేలైన మార్గం. తెలంగాణలోని మిషన్ భగీరథ ఈ కోవకు చెందినది. జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమం 2008-09లో ప్రారంభమైంది.

సురక్షిత నీరు అందినా, ఇప్పటికే వంగిన ఎముకలు పూర్వస్థితికి రావు. నొప్పికి ఉపశమనం, ఫిజియోథెరపీ, అవసరమైతే శస్త్రచికిత్స మాత్రమే మిగిలే మార్గాలు. ఫ్లోరైడ్‌కు రంగు, వాసన లేవు. నీటిని మరిగిస్తే అది పోదు సరికదా, నీరు ఆవిరై గాఢత పెరుగుతుంది. ఇంటికి కుళాయి వచ్చిన తర్వాత కూడా పొలాల వద్ద బోరునీరు తాగే గ్రామాల్లో ఆ బోర్లకు విడిగా నీటిపరీక్ష చేయించాలి.