ఆరోటౌన్: బంగారం అయిపోయాక ఊరిని నిలిపిందెవరు?

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో, క్వీన్స్‌టౌన్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆరోటౌన్‌ను చూడటానికి ఒక్క పూట చాలు. వచ్చినవాళ్లు బకింగ్‌హామ్ వీధిలో నడుస్తారు, 1875 నాటి బ్యాంకు భవనంలో ఉన్న మ్యూజియం చూస్తారు. 1862లో ఇక్కడి ఆరో నదిలో బంగారం దొరికిందనీ, విలియం ఫాక్స్ అనే ఆయన వల్ల అది లోకానికి తెలిసిందనీ వింటారు. మొదట్లో ఊరిని పిలిచిందే ఆయన పేరుతో. ఇందులో అబద్ధం లేదు. అయితే ఇది సగం కథే. మిగతా సగం ఊరి చివర బుష్ క్రీక్ వాగు ఒడ్డున, చైనీయులు కట్టుకున్న రాతి గుడిసెల్లో ఉంది. నా దృష్టిలో ఆరోటౌన్ చరిత్రను అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ముందు, బంగారం కనిపెట్టిన ఘనత ఎవరిదో చూద్దాం. ఆరో నదిలో ఫాక్స్ కంటే ముందే బంగారాన్ని చూసినవాడు జాక్ తేవా అనే మావోరీ. అతను రీస్ అనే దొర గొర్రెల మందల దగ్గర ఉన్ని కత్తిరించే కూలీ. ముందు చూసినవాడు ఒకడు, పేరు మరొకరికి దక్కడం అదే మొదటిసారి కూడా కాదు. ఆరోటౌన్ ఉన్న ఒటాగో ప్రాంతంలో బంగారం వేట 1861లో గాబ్రియెల్ రీడ్‌తో మొదలైందంటారు. కానీ అంతకు కొన్నేళ్ల ముందే ట్వాపెకా దగ్గర బంగారం చూసినవాడు ఎడ్వర్డ్ పీటర్స్. బొంబాయి ప్రాంతం నుంచి వెళ్లిన మన దేశస్థుడు. పెద్ద బహుమతి రీడ్‌కు దక్కింది. పీటర్స్‌కు 1885లో గాని ప్రభుత్వం చేయి విదల్చలేదు, అదీ 50 పౌండ్లు.

ఇక ఊరి సంగతి. 1865 నాటికి పశ్చిమ తీరంలో కొత్తగా బంగారం పడిందని తెలిసి, ఒటాగోలోని తెల్లవాళ్లు గుంపులుగా అటు తరలిపోయారు. వ్యాపారాలు పడిపోతాయని భయపడ్డ డునెడిన్ నగర వర్తక సంఘం ఆస్ట్రేలియాలోని విక్టోరియా నుంచి చైనీయులను రమ్మని పిలిచింది. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ పల్లెలకు చెందిన వీళ్లు, ఇతరులు ఒకసారి కడిగి వదిలేసిన మట్టినే మళ్లీ కడిగి బంగారం తీశారు. వాళ్ల గుడిసెలు చూడండి: పలకరాళ్లు పేర్చిన గోడలు, చలి కాచుకోవడానికో పొయ్యి, మనిషి పడుకుంటే సరిపోయే చోటు. ఒకటి రెండింటికి కొండరాయే వెనక గోడ. వాటి మధ్య ‘ఆ లమ్’ అనే చైనీయుడి కొట్టు కాస్త పెద్దది. అక్కడ సరుకులు దొరికేవి, డబ్బు దాచుకునేవారు, నలుగురూ కూర్చుని మాట్లాడుకునేవారు.

చైనీయులు సంపాదించుకుని వెళ్లిపోవడానికే వచ్చారు కదా, ఊరు వాళ్లదెలా అవుతుందని అడగవచ్చు. నాలుగు డబ్బులు చేసుకుని ఇల్లు చేరాలని చాలామంది అనుకున్న మాట నిజమే. కానీ ఫాక్స్ వెంట వచ్చినవాళ్లూ అందుకే వచ్చారు, మరోచోట బంగారం పడగానే వెళ్లిపోయారు కూడా. పైగా ఉండాలనుకున్న చైనీయుడికి దారి మూసింది చట్టమే. 1881లో మనిషికి 10 పౌండ్ల తలపన్ను వేశారు, 1896లో దాన్ని 100 పౌండ్లు చేశారు. 1908 నుంచి పౌరసత్వమూ ఆపేశారు. భార్యాబిడ్డలను తెచ్చుకునే స్తోమత ఎందరికి ఉంటుంది? అయినా కొట్టు నడిపిన ‘ఆ లమ్’ 1920లలో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు.

ఇప్పుడు కనిపించే గుడిసెలు 1980లలో బాగుచేసినవే, అసలువి కావన్నది మరో అభ్యంతరం. చాలావాటి విషయంలో అది ఒప్పుకోవాల్సిందే. అయితే వాటిని బాగుచేసింది తవ్వకాల ఆధారంతో. 1983లో ఆ మట్టిలో చైనా పింగాణీ ముక్కలు, నల్లమందు డబ్బాలు, వాటితో పాటే ఐరోపా సీసాలు బయటపడ్డాయి. ఇరుగుపొరుగుతో ఇచ్చిపుచ్చుకుంటూ బతికారనడానికి అవే సాక్ష్యం.

తలపన్ను 1944లో రద్దయింది. 2002లో ప్రధాని హెలెన్ క్లార్క్ చైనీయులకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. క్వీన్స్‌టౌన్ వెళ్లే తెలుగువాళ్లకు నా విన్నపం: ఆరోటౌన్‌లో బస్సు దిగాక ముందు వాగు ఒడ్డుకు వెళ్లండి, బకింగ్‌హామ్ వీధిని ఆ తర్వాత చూడండి.