డ్వాక్రా పేరులో పిల్లలు కూడా ఉన్నారు



ఊళ్ళో మనల్ని ఇప్పటికీ డ్వాక్రా ఆడోళ్ళు అనే అంటారు. ఆ పేరు 1982లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకానిది. ఇంగ్లీషు అక్షరాలు విడదీసి చూస్తే గ్రామీణ ప్రాంతాల్లో మహిళలు, పిల్లల అభివృద్ధి అని ఉంటుంది. పొదుపు, అప్పు, బ్యాంకు లింకేజీ మనకు నోటికి వస్తాయి గాని ఆ పేరులో పిల్లలు ఉన్న సంగతి మనలో చాలామందికి తెల్వదు. మాకూ తెల్వదు, మొన్నటిదాకా.

ఈ సంవత్సరం పిల్లల కేంద్రాలు ఇంకో రెండు ఊళ్ళల్ల తెరవాలా వద్దా అని మూడు మీటింగులు గట్టిగానే వాదించుకున్నాము. అందుకే మనకంటే ముందు ఈ పని చేసినవాళ్ళు ఒక చోటు నుంచి పది చోట్లకు ఎట్ల పోయారో తెలుసుకొని రాస్తున్నాము.

అంగన్‌వాడీ అనే మాట మనం రోజూ అంటాము. అంగన్ అంటే ఇంటి ముందర వాకిలి. మహారాష్ట్రలో తారాబాయి మోదక్ అనే టీచరమ్మ 1945లో బోర్డీ అనే ఊళ్ళో పేద పిల్లల కోసం బాలవాడి పెట్టింది. ఆమెతో అనుతాయి వాఘ్ కలిసి పనిచేసింది. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ వాకిట్లోకి తీసుకపోయారు. ముప్ఫై ఏండ్లకు, 1975 అక్టోబర్ 2న, ప్రభుత్వం ఐసీడీఎస్ పథకాన్ని దేశం మొత్తంలో 33 ప్రాజెక్టులతో మొదలుపెట్టినప్పుడు ఆ అంగన్‌వాడీ అనే పేరే పెట్టింది. ఇప్పుడు అది లేని ఊరు లేదు. కాని మనలాంటి వాళ్ళకు ఒక తిప్పలు మిగిలింది. మూడేండ్ల లోపు పిల్లలకు బాలామృతం ఇంటికి ఇస్తారు, పిల్లల్ని రోజంతా అక్కడ ఉంచుకోరు. పత్తి ఏరే రోజుల్లో మనం ఏడు కాకముందే ఆటో ఎక్కుతాము. అంగన్‌వాడీ తెరిచే యాళ్ళకు మనం చేన్ల ఉంటాము.

రోజంతా పిల్లల్ని చూసుకునే పనిని చోటు మార్చి చోటు నడిపినవాళ్ళు ఢిల్లీలో ఉన్నారు. 1969లో గాంధీ శతజయంతి కోసం రాజ్‌ఘాట్ దగ్గర కట్టడాలు నడుస్తుంటే, కూలి తల్లుల పిల్లలు మట్టిలో, ఎండలో పడి ఉండడం చూసి మీరా మహదేవన్ అనే ఆమె అక్కడే ఒక టెంటులో పిల్లల కేంద్రం పెట్టింది. దాని పేరు మొబైల్ క్రెష్. బిల్డింగు పని అయిపోతే కూలోళ్ళు వెళ్ళిపోతారు, కేంద్రం కూడా మూసి వాళ్ళు పోయే చోట మళ్ళీ తెరవాలి. తర్వాత బొంబాయికి, పుణెకు కూడా ఆ పని పాకింది. మా ముసలమ్మలు ఇది విని, పాలమూరు లేబర్ అని మన దగ్గర అనేటోళ్ళ పిల్లలకు గిట్ల ఎవరన్నా పెడితే బాగుండు కదా అన్నారు.

మనకు బాగా దగ్గరి కథ మాత్రం గుజరాత్‌ది. ఇలా భట్ 1972లో పెట్టిన సేవా సంఘంలో ఉన్నోళ్ళంతా మనలాగే, తలమీద గంప పెట్టుకొని అమ్మేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, పొగాకు పొలాల్లో కైకిలి చేసేవాళ్ళు. 1986లో వాళ్ళు అహ్మదాబాద్‌లో పిల్లల్ని చూసుకునే ఆడవాళ్ళతోనే సంగిని అనే సహకార సంఘం రిజిస్టర్ చేయించారు. అంటే అక్కడ ఆయమ్మ జీతగత్తె కాదు, వాటాదారు. కేంద్రం టైము తల్లుల పని టైమును బట్టి ఉంటుంది. తల్లులు ఫీజు కడతారు, కాని ఆ ఫీజుతో ఖర్చు మొత్తం ఎన్నడూ ఎల్లదు. ప్రభుత్వ సాయం ఉన్నప్పుడు కేంద్రాలు పెరిగాయి, ఆగినప్పుడు తగ్గాయి. ఈ ముచ్చట మా కోశాధికారి రెండుసార్లు చదివించుకుంది.

మన రాష్ట్రంలో కూడా చేయలేదని కాదు. ఇందిరా క్రాంతి పథం ఉన్నప్పుడు, 2007 ప్రాంతంలో, గ్రామ సంఘాలే ఎన్‌డీసీసీ సెంటర్లు నడిపాయి. గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు అక్కడికి వచ్చి తినేవాళ్ళు. వండేది, లెక్క రాసేది సంఘం వాళ్ళే. తర్వాత 2015 జనవరిలో ఆరోగ్యలక్ష్మి వచ్చి గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం అంగన్‌వాడీలోనే పెడుతున్నారు. ఉపాధి హామీ చట్టంలో కూడా ఒక మాట రాసి పెట్టారు. పని దగ్గరికి ఆరేండ్ల లోపు పిల్లలు అయిదుగురు వస్తే, వాళ్ళను చూడడానికి ఒక ఆమెను పెట్టి కూలి ఇవ్వాలని. ఎంత మంది అడిగి ఉంటారు మరి!

ఇగ మన సంగతి. మా ఊరి వీవో బిల్డింగులో ఒక అర్ర ఖాళీగా ఉంటే అందులో మొదలుపెట్టాము. రెండు తొట్టెళ్ళు, ఒక చాప, నీళ్ళ క్యాను. పత్తి, మిర్చి సీజన్ మొత్తం నడిపాము. పిల్లకు రోజుకు ఇరవై రూపాయలు. పద్నాలుగు మంది పిల్లలు వస్తే 280 రూపాయలు. చూసుకునే ఇద్దరికి చెరి 300 ఇవ్వాలి, ఎందుకంటే చేనుకు పోతే వాళ్ళకు అంతకు తక్కువ రాదు. తక్కువ పడ్డది వీవో వడ్డీ పైసల్లోంచి కట్టాము. ఆ పద్నాలుగు మంది తల్లులు ఆ సీజన్‌లో ఒక్క కిస్తీ కూడా ఆపలేదు.

అది చూసి మురిసి, పక్క ఊళ్ళో ఇంకొకటి తెరిచాము. ఇక్కడే తప్పు చేశాము. పాల డెయిరీ అయితే డబ్బాలు పెరిగినకొద్దీ ఖర్చు కలిసొస్తది. పిల్లల పని అట్ల కాదు. ఒక్క మనిషి ఎంతమంది చంటిపిల్లల్ని చూస్తుంది? ప్రభుత్వ క్రెష్ స్కీములో కూడా 25 మందికి ఇద్దరిని పెడతారు. ఎన్ని ఊళ్ళకు పోతే అన్ని ఊళ్ళల్ల ఇద్దరిద్దరు కావాలి. మేము పైసలు మిగలాలని ఒక్క ఆమెనే, అది కూడా మా ఊరి నుంచి పంపాము. మంచి మనిషే, పని తెలిసిన మనిషి. కాని ఆ ఊరి తల్లులకు ఆమె ఎవరో తెల్వదు. మొదటి వారం ఆరుగురు పిల్లలు వచ్చారు, మూడో వారం ఇద్దరు. ఒక తల్లి మొఖం మీదనే అన్నది, నా బిడ్డను ఎవరి చేతుల్ల పెట్టి పోతున్ననో నాకు తెల్వాలె గద అక్కా అని. నెల దాటకముందే మూసేశాము. తొట్టెలు ఆటోలో వెనక్కి తెచ్చుకున్న రోజు ఎవ్వరం మాట్లాడలేదు.

కోశాధికారి ఇప్పటికీ ఒకే మాట మీద ఉన్నది. వడ్డీ పైసలు ఒక ఊరికి సరిపోతాయి, మూడు ఊళ్ళకు సరిపోవు, కైకిలి పెట్టుకునే రైతులు కూడా కొంత ఇయ్యాలె అంటుంది. ఆమె మాట కాదనలేము. మిర్చి ఏరే టైముకు మనుషులు దొరకక రైతులు ఇల్లిల్లూ తిరుగుతున్నారు కాబట్టి వాళ్ళను అడిగే తీర్మానం రాసుకున్నాము. ఇద్దరు రైతులు ఒప్పుకున్నారు, మిగతావాళ్ళు చూద్దామన్నారు.

మూసేసిన ఊరి తల్లులు నలుగురు దసరాకు ముందు మా మీటింగుకు వచ్చారు. మళ్ళీ తెరుస్తరా అని అడిగారు. చూసుకునే మనుషులను ఈసారి మీరే చూపియ్యిండ్రి అన్నాము. బయట వేపచెట్టు కింద నిలబడి చాలాసేపు మాట్లాడుకొని, రెండు పేర్లు చెప్పి పోయారు.