మచ్చ చేతి మీద, మూలం పళ్ళెంలో

మా నాతవరంలో మొహాన ఒక మొటిమ లేస్తే చాలు, మందుల షాపు దాకా వెళ్ళకముందే ఒక ప్రశ్న ఎదురొచ్చేది: "నిన్నేటి తిన్నావు?" అమ్మమ్మ అడిగినా, అరుగు మీద కూర్చున్న పక్కింటావిడ అడిగినా, మనం చెప్పిన జవాబుతో నిమిత్తం లేకుండా తీర్పు ఒకటే. "వేడి చేసిందిరా. చోడంబలి తాగు." మొటిమ వారం తిరిగేసరికి ఎలాగూ అణిగేది, పేరు అంబలికొచ్చేది. ఆ వైద్యానికి నేను పూచీ పడను గానీ, ప్రశ్న మాత్రం సరైనదే. ఒంటి మీద కనబడినదానికి కడుపు దగ్గర ఆరా తీయడమనే ఈ పని పెద్ద పెద్ద వైద్యులకు చేతకాక, రెండు వందల ఏళ్ళ పాటు ఒక జబ్బు పేదవాళ్ళను తినేసింది. ఆ కథ స్పెయిన్‌లో మొదలై అమెరికా జైళ్ళ మీదుగా హైదరాబాదు తార్నాక దాకా వచ్చింది.

1735లో స్పెయిన్ ఉత్తరాన ఆస్టూరియస్ ప్రాంతంలో గాస్పర్ కసాల్ అనే వైద్యుడికి ఒక కొత్త జబ్బు కనబడింది. ఎండ తగిలే చోటల్లా, అంటే చేతుల మీదా, పాదాల మీదా చర్మం ఎర్రబడి, నల్లబడి, పొట్టు లేస్తుంది. మెడ చుట్టూ పట్టీ కట్టినట్టు మచ్చ పడుతుంది. దాన్ని నేటికీ కసాల్ కంఠహారం అంటారు. హారం అని పేరు పెట్టడానికి మనసెలా ఒప్పిందో! పట్టినవాళ్ళందరూ కూలీనాలీ జనం, మొక్కజొన్న తప్ప వేరే తిండి ఎరగనివాళ్ళు. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రాపోలి దీన్ని పెల్లాగ్రా అన్నాడు. ఇటలీ పల్లెల మాటలో గరుకు చర్మమని అర్థం. పేరులో చర్మం ఉంది గానీ, రోగికి ముందు వచ్చే బాధ తరచుగా కడుపుదే. నోరు పూస్తుంది, నాలుక ఎర్రగా పుండవుతుంది, విరేచనాలు ఆగవు. ముదిరితే మతి చెడుతుంది, ఆపైన ప్రాణమే పోతుంది.

పేరు చర్మం మీద ఉండబట్టో ఏమో, చూపూ అక్కడే ఆగిపోయింది. బూజు పట్టిన మొక్కజొన్నలో విషం ఉందన్నారు కొందరు. వంశపారంపర్యమన్నారు ఇంకొందరు. ఈగ కాటన్నవాళ్ళూ ఉన్నారు. 1900ల తొలి ఏళ్ళలో అమెరికా దక్షిణాది పత్తి రాష్ట్రాల్లో ఇది దావానలంలా వ్యాపించాక, అంటురోగమన్న మాటకే బలం పెరిగింది.

1914లో అక్కడి ప్రజారోగ్య శాఖ దీని సంగతి తేల్చమని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుణ్ణి పంపింది. అతని చిన్నప్పుడే హంగరీ నుంచి వలస వచ్చిన కుటుంబం అతనిది. పిచ్చాసుపత్రులూ అనాథాశ్రమాలూ తిరిగి చూశాడు. అక్కడ ఉన్నవాళ్ళకు జబ్బు ఉంది, వాళ్ళకు రాత్రింబవళ్ళు సేవ చేసే నర్సులకు లేదు. అంటుకునే జబ్బయితే నర్సుల్ని వదిలిపెడుతుందా? తేడా ఎక్కడుందని వెతికితే వంటింట్లో దొరికింది. లోపలివాళ్ళకు మొక్కజొన్న పిండి, బెల్లపు పాకం, కొవ్వు ముక్క. సిబ్బందికి పాలు, మాంసం, గుడ్లు.

ఇది రుజువు కావాలంటే ఆరోగ్యంగా ఉన్నవాడికి తిండితోనే జబ్బు తెప్పించాలి. 1915లో మిసిసిపీ రాష్ట్రంలోని ర్యాంకిన్ జైలు క్షేత్రంలో పన్నెండు మంది ఖైదీలు ముందుకొచ్చారు. బదులుగా గవర్నర్ క్షమాభిక్ష ఇస్తానన్నాడు. కడుపు నిండా పెట్టారు, కానీ ఆ పిండీ ఆ పాకమే. ఒకరు మధ్యలో తప్పుకోగా మిగిలిన పదకొండు మందిలో ఆరుగురికి నెలల్లోనే పెల్లాగ్రా తేలింది. స్వేచ్ఛ ఆశ చూపి మనిషి మీద జబ్బు తెప్పించే ప్రయోగం ఈనాడు ఏ నీతి కమిటీ ముందూ నిలవదు, నిలవకూడదు కూడా. అయితే గోల్డ్‌బర్గర్ తన ఒంటినీ మినహాయించుకోలేదు. జైలు ఫలితాన్ని నమ్మని వైద్యుల నోరు మూయించడానికి 1916లో రోగుల రక్తం తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. వాళ్ళ చర్మపు పొట్టునూ మలమూత్రాలనూ పిండిలో కలిపి మాత్రలు కట్టి మింగాడు. భార్య మేరీ కూడా రక్తం ఎక్కించుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా దక్షిణాది పెద్దమనుషులు ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే తమ కూలీలు అర్ధాకలితో ఉన్నారని ఒప్పుకున్నట్టే కదా.

బీరు తయారీలో వాడే ఈస్టు పెడితే జబ్బు నయమవుతుందని గోల్డ్‌బర్గర్ కనుక్కున్నాడు. అందులో ఏముందో తెలియకుండానే 1929లో కన్నుమూశాడు. 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కాన్రాడ్ ఎల్వెహ్యేమ్ దాన్ని పట్టుకున్నాడు. కుక్కల్లో పెల్లాగ్రాకు సాటి జబ్బు నల్లనాలుక. అది పట్టిన కుక్కలకు నికోటినిక్ ఆమ్లం ఇస్తే లేచి కూర్చున్నాయి. దాన్నే ఇప్పుడు నయాసిన్ అంటున్నాం. వెంటనే దాన్ని మనుషులకిచ్చి నయం చేసినవాళ్ళలో టామ్ స్పైస్ ముఖ్యుడు. ఈ స్పైస్ మన కథకు ఇంకో చోట కూడా తగులుతాడు. పేగులు ఎండిపోయి, నాలుక పుండై, మనిషి చిక్కి శల్యమయ్యే స్ప్రూ అనే జబ్బు ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నను అది పొట్టన పెట్టుకుంది, సుబ్బారావునూ మంచాన పడేసింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి మందుతో ఆయన బయటపడ్డాడు. తర్వాత అమెరికా వెళ్ళిన సుబ్బారావు నేతృత్వంలోని లెడర్లీ బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేస్తే, దాన్ని స్ప్రూ రోగులకిచ్చి గుణం చూసినవాళ్ళలో ఈ స్పైస్ ఒకడు.

మొక్కజొన్న సంగతి తేలింది. అందులో నయాసిన్ లేక కాదు, ఉన్నది ఒంటికి అందనంత గట్టిగా ముడిపడి ఉంది. మెక్సికో ఆదివాసులు గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి ఆ ముడి విప్పుకునేవారు. ఐరోపావాళ్ళు గింజను ఓడలెక్కించారు గానీ, ఆ వంటను అక్కడే వదిలేశారు.

మరి మన జొన్న? దక్కను పీఠభూమిలో మొక్కజొన్న ముట్టని జనానికి కూడా పెల్లాగ్రా వచ్చేది. వాళ్ళ తిండి జొన్నరొట్టె, జొన్న గటక. మా నాతవరం వైపు తాండవ నీళ్ళ కింద వరి, మెట్ట మీద చోళ్ళు (రాగులు), గంటెలు (సజ్జలు). అందుకే ఈ ప్రశ్న మా ఊళ్ళో పుట్టలేదు, తెలంగాణలో పుట్టింది. దానికి జవాబు వెతకడానికి ముందే, 1940లో కూనూరు పోషకాహార ప్రయోగశాలలో ఐక్రాయిడ్, స్వామినాథన్ అనే పరిశోధకులు ఒక తిరకాసు చూపించారు. వరన్నం తినేవాళ్ళకు అందే నయాసిన్ ఏమంత ఎక్కువ కాదు, అయినా వాళ్ళకు పెల్లాగ్రా రాదు. అంటే తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు.

1918లో మెకారిసన్ అనే వైద్యుడు కూనూరులో మొదలుపెట్టిన ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాదు తార్నాకకు తరలింది. జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు 1969లో వచ్చింది. తరలిరాగానే రోగులు కళ్ళ ముందే ఉన్నారు. 1960లో అక్కడి పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా లాన్సెట్ పత్రికలో ఒక కొత్త మాట అన్నారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి ఉంది, అదే దోషి అని. మన ఒళ్ళు ట్రిప్టోఫాన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచి కొంత నయాసిన్ తానే వండుకుంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు 1 మిల్లీగ్రాము చొప్పున. లూసిన్ మితిమీరితే ఆ వంట చెడుతుందని వాళ్ళ వాదన. లూసిన్ ఎక్కువున్న జొన్న మేపిన కుక్కలకు నల్లనాలుక వచ్చింది, తక్కువున్న రకం మేపితే రాలేదు. తర్వాత విదేశాల్లో కొందరు లూసిన్ పాత్ర అంత పెద్దది కాదని గట్టిగానే వాదించారు. నా మటుకు నాకు, జవాబు కన్నా ప్రశ్న వేసిన తీరు గొప్పగా అనిపిస్తుంది. గింజలో ఏం లేదని కాక, ఏం ఎక్కువైందని అడిగారు వాళ్ళు.

ఇంతకీ కడుపూ చర్మమూ కలిసే ఎందుకు చెడతాయి? నయాసిన్ నుంచి తయారయ్యే పదార్థం ప్రతి కణానికీ కావాలి, దెబ్బతిన్న డీఎన్ఏను బాగు చేసుకోవడానికీ కావాలి. పేగు లోపలి పొర మూడు నుంచి అయిదు రోజులకోసారి కొత్తదవుతుంది. చర్మం ఎండకు రోజూ కాలుతూ రోజూ మరమ్మతు చేసుకుంటుంది. సరుకు కరువైతే పని ఎక్కువున్న ఈ రెండు చోట్లా ముందు ఆగుతుంది. పేగు పొర చెడితే తిన్న కాస్తా ఒంటబట్టదు, దాంతో కరువు ఇంకా ముదురుతుంది.

పళ్ళెం నిండుగా ఉన్నా ఇదే జరగొచ్చని 1956లో లండన్‌లో తేలింది. హార్ట్‌నప్ అనే ఇంటి పిల్లలకు ఎండ తగిలితే అచ్చం పెల్లాగ్రా లాంటి మచ్చలు. తిండికి లోటు లేదు, వాళ్ళ పేగే ట్రిప్టోఫాన్‌ను సరిగ్గా లోపలికి తీసుకోలేకపోతోంది. ఆ జబ్బుకు ఆ ఇంటి పేరే నిలిచిపోయింది. 2012లో నేచర్ పత్రికలో ఎలుకల మీద వచ్చిన పరిశోధన ఇంకో అడుగు వేసింది. పేగులో ట్రిప్టోఫాన్‌ను లోపలికి చేర్చే ఏర్పాటు చెడితే అక్కడి సూక్ష్మజీవుల కూర్పే మారిపోయి, పేగు వాపుకు లోనవుతోందని చూపింది. ఇవాళ చర్మకాంతికని అమ్మే ప్రోబయోటిక్ డబ్బాల మీద ఈ వరసలోని ఒక్క పేరూ ఉండదు. డబ్బా మీది ధీమా మాత్రం గోల్డ్‌బర్గర్‌కు కూడా లేనంత.

జొన్నరొట్టె ఇప్పుడు షుగరున్న ఇళ్ళ పథ్యం, హైదరాబాదు హోటళ్ళలో ఖరీదైన వంటకం. దాని పక్కన పప్పు, పెరుగు, గుడ్డు, మాంసం ఏదో ఒకటి ఉంటుంది కనుక లూసిన్ ఊసు ఎవరికీ పట్టదు. ఈ పరిశోధనల కథంతా చదివాక మా అమ్మమ్మ అంబలి గిన్నె ఒకసారి గుర్తు చేసుకున్నాను. గిన్నె పక్కన నిప్పుల మీద కాల్చిన మెత్తళ్ళనే ఎండుచేపలు ఎప్పుడూ నాలుగైనా ఉండేవి, నంజుకోడానికి. మొటిమ తగ్గినా, ఒళ్ళు నిగనిగలాడినా, వాటి పేరు ఎవరూ ఎత్తలేదు.