పల్లెకు డాక్టరు: గుంటూరు నుంచి చింతూరు దాకా

1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన ఆనా సారా కుగ్లర్‌కు వైద్య పట్టా ఉంది. అయితే ఆమెను పంపిన లూథరన్ మిషన్ బోర్డుకు అప్పటికింకా వైద్యసేవ మొదలుపెట్టే ఉద్దేశం లేదు. ఘోషా స్త్రీల మధ్య పనిచేయమని పంపింది. ఆమె మాత్రం వైద్య పరికరాలు వెంట తెచ్చుకుంది. పరాయి మగాడికి చెయ్యి చూపించని ఆడవాళ్లకు ఆమే దిక్కయింది. 1885లో బోర్డే దిగివచ్చి ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. ఆసుపత్రి తెరిచేసరికి 1898 వచ్చింది.

ఈ కథను త్యాగం ఖాతాలో వేసేసి ఊరుకుంటాం. ఆమె ఒంటరిగా నెగ్గుకురాలేదన్నది మరుస్తాం. కేథరిన్ ఫాస్ అనే నర్సు తోడొచ్చింది. స్థానిక అమ్మాయిలకు నర్సింగ్ నేర్పారు. రోగితో వచ్చే హిందూ కుటుంబాలు దిగడానికి చోటు లేదని గ్రహించిన ఏలూరు రాజా ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించారు. వైద్యం ఉచితమైనా ఉండే చోటు, వండుకునే పొయ్యి లేకపోతే రోగి రాడు. మతప్రచారం మిషన్ల లక్ష్యాల్లో ఒకటన్నది దాచాల్సిన సంగతేమీ కాదు. కానీ డాక్టరు చుట్టూ ఓ వ్యవస్థ ఉండాలని వాళ్లకు తెలుసు. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూశారు.

నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలోనూ అంతే. స్కాట్లాండ్ డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల కోసం ఆసుపత్రి పెడితే స్థానిక దాత నరసాగౌడ్ విరాళమిచ్చి నిలబెట్టారు. అప్పట్లో కుష్ఠుకు మందుగా ఇచ్చే హైడ్నోకార్పస్ నూనె ఇంజెక్షన్లు నొప్పితో ప్రాణం తీసేవి. అయినా నెలల తరబడి వేయించుకోవాలి. రోగి అక్కడే ఉండి, తిండీ పనీ దొరికితే తప్ప ఆ వైద్యం సాగేది కాదు.

మిషన్లు చేరని ఊళ్ల సంగతి? మద్రాసు రాష్ట్రంలో పానగల్ రాజా ప్రభుత్వం 1924లో ఓ ఉపాయం చేసింది. పల్లెలో ప్రాక్టీసు పెట్టే డాక్టరుకు సబ్సిడీ ఇస్తాం, పేదలకు ఉచితంగా చూడు, ఉన్నవాళ్ల దగ్గర ఫీజు తీసుకో అంది. ఎల్‌ఎంపీ (లైసెన్షియేట్) డాక్టర్లకు ఇది అతికినట్టు సరిపోయింది. ఆ చదువు ఎంబీబీఎస్ కంటే చిన్నది, ఖర్చూ తక్కువ.

1946లో ఆరోగ్య వ్యవస్థ మీద వేసిన భోర్ కమిటీ లెక్కతీస్తే దేశంలో రిజిస్టరైన డాక్టర్లు 47,524 మంది. అందులో 29,870 మంది లైసెన్షియేట్లే. అయినా ఇకపై ఒకే రకం డాక్టరు, ఎంబీబీఎస్ మాత్రమే ఉండాలని కమిటీ తేల్చింది. డాక్టర్లు చాలరని కొందరు సభ్యులు విభేదించారు. వాళ్లదే సరైన భయమని నా అభిప్రాయం. నాణ్యత పేరుతో తలుపు మూశారు, వాళ్లకు బదులు పల్లెకు మరో మనిషిని చూపలేదు. పది ఇరవై వేల జనాభాకు 75 పడకల ఆసుపత్రి అన్న కమిటీ కల కాగితం మీదే మిగిలింది. 1952 తర్వాత బ్లాకుకో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మొదలైంది, అదీ అరకొరగా. ఆ ఖాళీని వైద్య పట్టా లేని ఆర్‌ఎంపీలు నింపారు. నెల్లూరు ప్రజావైద్యశాలలో డాక్టర్ పి.వి. రామచంద్రారెడ్డి పల్లె కుర్రాళ్లకు తర్ఫీదిచ్చి పంపడం ఈ నేపథ్యంలోనే చూడాలి.

ఈలోగా మానవతా వైద్యం ప్రపంచంలో ఓ వృత్తిగా రూపుకట్టింది. నైజీరియాలోని బయాఫ్రా యుద్ధంలో పనిచేసొచ్చిన ఫ్రెంచి డాక్టర్లు, జర్నలిస్టులతో కలిసి 1971లో పారిస్‌లో ఎంఎస్‌ఎఫ్ (హద్దుల్లేని డాక్టర్లు) స్థాపించారు. ఒప్పందం, జీతం, ముందస్తు శిక్షణ, మందులూ నీళ్లూ చూసుకునే లాజిస్టిక్స్ సిబ్బంది, అన్నీ కలిపే డాక్టరును పంపుతారు. ఛత్తీస్‌గఢ్ ఘర్షణల్లో పారిపోయొచ్చిన గుత్తికోయల కోసం చింతూరు, భద్రాచలం అడవుల్లోనూ ఈ సంస్థ సంచార క్లినిక్కులు నడిపింది.

మన ప్రభుత్వాలు ఎంచుకున్న దారి బాండ్, అంటే తప్పనిసరి సేవ. 2014లో ఏడాది గ్రామీణ సేవ తప్పనిసరి అనడంతో తెలంగాణ జూనియర్ డాక్టర్లు (జూడాలు) సమ్మెకు దిగారు. పల్లెకు వెళ్లమన్నందుకే అలిగారని చాలామంది తిట్టారు. వాళ్లడిగింది మాత్రం తాత్కాలిక ఏడాది కాదు, శాశ్వత పోస్టులు.

ఏజెన్సీ పోస్టింగుకు బయల్దేరబోయే యువ డాక్టర్లకు ఒక మాట. సేవాభావం మీద ఉపన్యాసం వినేముందు, కేంద్రంలో నర్సు ఉందా, క్వార్టర్స్‌లో నీళ్లొస్తాయా, అర్ధరాత్రి కష్టమైన కాన్పు వస్తే అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుంది అని అడగండి. సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి.