పెట్టీ కేసు - పది రూపాయల జరిమానా

రాజ్యాంగంలో ఎన్ని అధికరణాలున్నా ప్రభుత్వోద్యోగికి కంఠతా వచ్చేది ఒక్క 311వ అధికరణమే. విచారణ లేకుండా ఇంటికి పంపరాదన్న ఆ ధైర్యంతోనే మనం ముప్పై, ముప్పై అయిదేళ్ళు సర్వీసు లాక్కొచ్చాము. అయితే అందులోనే ఒక మినహాయింపు ఉంది. ఏ నడవడికవల్ల ఉద్యోగికి క్రిమినల్ కోర్టులో శిక్ష పడిందో, ఆ నడవడిక మీద అతన్ని తొలగించదలిస్తే మళ్ళీ శాఖాపరమైన విచారణ జరపనక్కరలేదు. హత్యానేరమా, వీధిలో అల్లరి చేశాడన్న నేరమా అన్న తేడా అక్కడ రాసి లేదు. చిల్లర కేసు అని మనం తేలిగ్గా తీసుకునే దానికి ఇంత పొడుగు చెయ్యి ఉందని చాలామందికి తెలియదు.

1972 ఆగస్టు 12వ తేదీన కేరళలోని ఓలవక్కోడు రైల్వే స్టేషను ప్లాట్‌ఫారం మీద ఒక పాయింట్స్‌మన్‌ను పోలీసులు పట్టుకున్నారు. తాగి అసభ్యంగా, అల్లరిగా ప్రవర్తించాడని కేరళ పోలీసు చట్టం కింద కేసు. మేజిస్ట్రేటు అతను దోషి అని తేల్చాడు గాని శిక్ష వేయలేదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 3వ సెక్షను ప్రకారం మందలించి వదిలేశాడు. అక్కడితో పోయిందనుకుంటాము. కాని రైల్వే వారు అతన్ని ఉద్యోగం నుంచి తీసివేశారు. అతను హైకోర్టుకు వెళ్ళి ఆ ఉత్తర్వు కొట్టివేయించుకుంటే రైల్వే సుప్రీంకోర్టుకు ఎక్కింది. 1975లో తీర్పు వచ్చింది: దోషి అని తేలినంత మాత్రాన తొలగింపు దానంతట అది జరిగిపోదు, నేరం ఎంతటిది, ఉద్యోగం మీద దాని ప్రభావమెంత అన్నది పరిశీలించాలి, ఉద్యోగి చెప్పేది కూడా వినాలి. ప్లాట్‌ఫారం మీది గొడవ ఢిల్లీ దాకా వెళ్ళడానికి మూడేళ్ళు పట్టింది. ఆ కోర్టుల ఖర్చు ఒక పాయింట్స్‌మన్ జీతంతో ఎలా తూగిందో ఊహించుకోవలసిందే.

ఈ చిల్లర నేరాల చరిత్ర మన ప్రాంతంలో పాతదే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1816 నాటి 11వ రెగ్యులేషను గ్రామ మునసబుకు చిన్న మేజిస్ట్రేటు అధికారం ఇచ్చింది. తిట్టుకోవడం, స్వల్పంగా కొట్టుకోవడం వంటివి వస్తే మునసబు ఆ మనిషిని గ్రామచావడిలో పన్నెండు గంటలకు మించకుండా ఉంచవచ్చు. అదే తక్కువ కులమని వారు లెక్కవేసిన వాడైతే ఆరు గంటలకు మించకుండా బొండకొయ్యలో వేయవచ్చు. తిట్టు ఒకటే, గొడవ ఒకటే, ఒకరికి చావడి నీడ, ఇంకొకరికి నలుగురూ చూస్తుండగా కాళ్ళకు కొయ్య. కంపెనీవారు సమన్యాయం తెచ్చారని చిన్నప్పుడు పాఠాలు చదివిన వాళ్ళం ఈ రెగ్యులేషను కూడా ఒకసారి చదవాలి. వకీలు లేడు, వాయిదా లేదు, సంజాయిషీ చెప్పుకునే తీరిక కూడా ఉండేది కాదు.

తరువాత 1860లో ఇండియన్ పీనల్ కోడు వచ్చింది, 1862 జనవరి 1 నుంచి అమలయింది. తాగి బహిరంగస్థలంలో నలుగురికీ చికాకు కలిగిస్తే 510వ సెక్షను: 24 గంటల సాధారణ ఖైదు గాని, పది రూపాయల జరిమానా గాని, రెండూ గాని. ఇద్దరో అంతకు మించో బహిరంగస్థలంలో కొట్టుకుని శాంతిభంగం చేస్తే 160వ సెక్షను: నెల ఖైదు లేదా వంద రూపాయలు. పబ్లిక్ న్యూసెన్సుకు 290: రెండు వందలు. ఆంధ్ర ప్రాంతంలో వీటికి తోడు 1889 నాటి పట్టణ న్యూసెన్సుల చట్టం ఉంది. హైదరాబాదులో 1348 ఫసలీ నాటి సిటీ పోలీసు చట్టం ఉంది. (రెవిన్యూ మిత్రులకు చెప్పనక్కరలేదు గాని మిగతా వారు ఫసలీకి 590 కలుపుకుంటే 1938 వస్తుంది.) 1860లో పది రూపాయలంటే కూలివాడికి మాటలు కాదు. ఆ పది రూపాయలే 2024 దాకా కోడులో అలాగే ఉండిపోయాయి. కాఫీ డబ్బుల కన్నా చవకైన శిక్ష కనుకనే జనం దాన్ని లెక్కచేయడం మానేశారు.

అసలు చిక్కు ఈ చవకలోనే ఉంది. నేను కొన్నేళ్ళు ఒక మేజిస్ట్రేటు కోర్టులో బెంచి గుమాస్తాగా ఉన్నాను. పెట్టీ కేసులన్నీ ఉదయం కట్టగా వచ్చేవి. పేరు పిలుస్తారు, నేరమేమిటో చదువుతారు, ఒప్పుకుంటావా అని అడుగుతారు. కోర్టు గుమ్మం ఎక్కని మనిషి చేతులు కట్టుకుని "చిత్తం" అంటాడు. అయ్యగారు అడిగారు గనుక మర్యాదకు అన్న చిత్తం అది. నేరం ఒప్పుకోలు కాదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 252వ సెక్షను ఇందుకే ఒక జాగ్రత్త పెట్టింది. ముద్దాయి ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలును సాధ్యమైనంతవరకు అతని మాటల్లోనే రాసుకోవాలి. చిత్తమన్నవాడి చేత ఏమి జరిగిందో చెప్పించి రాసుకుంటే, "వాడు నన్ను తోశాడండి, నేను చెయ్యి అడ్డం పెట్టాను" అని బయటపడే కేసులు చాలా ఉంటాయి. అది ఒప్పుకోలు ఎలా అవుతుంది? ఓపిక ఉన్న మేజిస్ట్రేటు అయితే అక్కడ ఆగి, ఒప్పుకోలేదని రాయించి, విచారణకు వేస్తాడు.

ఒప్పుకోవడంలోని నష్టం జరిమానా కాదు. మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకున్నవాడికి శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్న విషయం మీద తప్ప అప్పీలు లేదు. నేను చేయలేదు అని తరువాత చెప్పుకోవడానికి పై కోర్టు తలుపు దాదాపుగా మూసుకుపోతుంది.

ఒప్పుకోకపోతే ఏమవుతుంది? ఇక్కడే మన వాళ్ళు బెదిరిపోతారు, ఏళ్ళ తరబడి తిప్పుతారని. తిరగవలసి రావచ్చు, కాదనను. కాని రుజువు చేయవలసిన భారం పోలీసులది. అది వాళ్ళకూ అంత సుళువు కాదు. 160వ సెక్షను పెట్టాలంటే కొట్లాట బహిరంగస్థలంలో జరగాలి, ఇరువైపులా కొట్టుకోవాలి, శాంతికి భంగం కలగాలి. ఒకడు కొడుతుంటే ఇంకొకడు తిన్నాడంటే అది వేరే నేరం, ఈ సెక్షను కాదు. ఇంటి నడవలో అన్నదమ్ములు గొంతులు చించుకుంటే అది బహిరంగస్థలం కాదు. న్యూసెన్సు అనాలంటే ఒక్క పొరుగింటాయనకు కోపం వస్తే చాలదు, చుట్టుపక్కల జనసామాన్యానికి ఇబ్బంది కలగాలి. తాగాడన్నప్పుడు డాక్టరు పరీక్ష కాగితం ఏదీ అని అడగవచ్చు. నడిబజారులో పట్టపగలు జరిగిందంటూ సాక్షులుగా కానిస్టేబుళ్ళను మాత్రమే చూపితే, కొట్టువాళ్ళు ఎవరూ చూడలేదా అని అడగవచ్చు. జరిమానా మాత్రమే ఉన్న నేరమైతే ఆరు నెలలు, ఏడాదిలోపు ఖైదు ఉన్నదైతే సంవత్సరం దాటితే కోర్టు మామూలుగా కేసు తీసుకోరాదు. చార్జిషీటు మీది తేదీ చూసుకోకుండానే జరిమానా కట్టి వచ్చిన వాళ్ళను ఎరుగుదును. గుమాస్తా బతుకు బతికిన వాళ్ళం, తేదీ చూడకపోతే ఎలా!

సర్వీసు సంగతికి మళ్ళీ వస్తాను. 1985 మార్చిలో సుప్రీంకోర్టు, ఢిల్లీలో ఒక క్యాష్ క్లర్కు తొలగింపును రద్దు చేస్తూ, స్కూటరు నిలపకూడని చోట నిలిపినందుకు శిక్షపడిన ఉద్యోగిని కూడా తీసేస్తారా అని ఉదాహరణ ఇచ్చింది. శిక్షించే అధికారం ఉన్నవాడు న్యాయంగా కూడా నడచుకోవాలన్నది. సంతోషించాము. అదే సంవత్సరం జూలై 11న రాజ్యాంగ ధర్మాసనం 311 మీద ఇచ్చిన పెద్ద తీర్పు వచ్చింది. పాయింట్స్‌మన్ కేసులో చెప్పిన ఒక మాటను, అంటే ముందుగా ఉద్యోగిని పిలిచి వినాలన్న మాటను, ఇది తప్పన్నది. అధికారి తీర్పు ప్రతి ముందు పెట్టుకుని, ఈ నడవడికకు ఏదైనా దండన అవసరమా, అయితే ఎంత అని తనంతట తానే నిర్ణయించవచ్చు. ఉద్యోగికి మిగిలింది ఆ తరువాత అప్పీలు, ఆపైన కోర్టు. నా మట్టుకు 1975 నాటి మాటే మేలనిపిస్తుంది. అయిదు నిమిషాలు వింటే ప్రభుత్వానికి పోయేదేముంది?

మన పెన్షనర్లకు ఈ భయం లేదు. 1980 నాటి పెన్షను నియమాల్లో మంచి నడవడిక షరతు ఉన్నా, పెన్షను ఆపడానికి చెప్పింది తీవ్రమైన నేరం, తీవ్రమైన దుష్ప్రవర్తన మాత్రమే. వీధి గొడవకు జరిమానా కట్టినవాడు ఆ కోవలోకి రాడు. భయమున్నది మన మనుమలకు. ఉద్యోగం వచ్చినప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలో అరెస్టయ్యారా, కేసు ఉందా, జరిమానా పడిందా, శిక్ష పడిందా అని విడివిడిగా అడుగుతారు. కాలేజీ రోజుల్లో వినాయక నిమజ్జనం నాడు ఏదో గొడవలో జరిమానా కట్టి మరిచిపోయిన కుర్రవాడు అక్కడ "లేదు" అని రాస్తాడు. పోలీసు రిపోర్టులో "ఉంది" అని వస్తుంది. అప్పుడు నేరం కన్నా దాచడం పెద్దదవుతుంది. 2016 జూలైలో సుప్రీంకోర్టు ఈ విషయంలో కొంత దయ చూపింది. చిన్నతనంలో నినాదాలు చేసిన కేసులు, చిల్లర నేరాలు దాచినట్లు తేలినా యజమాని వాటిని పట్టించుకోకుండా వదిలేయవచ్చన్నది. వదిలేయవచ్చు అన్నదే గాని వదిలేయాలి అనలేదు, గమనించండి.

2024 జూలై 1 నుంచి పాత పీనల్ కోడు పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 510 ఇప్పుడు 355 అయింది, 160 ఇప్పుడు 194, 290 ఇప్పుడు 292. జరిమానాలు వెయ్యి దాకా పెరిగాయి. తాగి అల్లరి చేసినవాడికి ఖైదు, జరిమానాలతో పాటు సమాజసేవ అనే కొత్త శిక్ష కూడా వచ్చింది. పాత నంబర్లు నోట్లో నానిన మావంటి వాళ్ళకు కొత్తవి పట్టుబడడానికి కొంతకాలం పడుతుంది. మీ ఇంట్లో ఎవరికైనా సమను వస్తే మాత్రం నంబరు కన్నా ముందు ఘటన తేదీ, స్థలం, సాక్షుల పేర్లు చూడండి. మొదటి వాయిదాకు వెళ్ళేలోగా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడిగితే, అర్హులైన వారికి ఉచితంగా వకీలును ఇస్తారు. ఆ చట్టం 1987లో చేసినా 1995 నవంబరు 9న గాని అమలులోకి రాలేదు.