ఉల్లివేరు సాక్ష్యం

వానాకాలంలో జగదల్‌పూర్ చుట్టుపక్కల బస్తర్ అడవుల్లో ఆకుకొసలతో పొదలను పట్టుకుని ఎగబాకే తీగ ఒకటి కనిపిస్తుంది. ఎరుపూ పసుపూ కలిసిన దాని పూరేకులు మంటల్లా పైకి లేస్తాయి. హిందీలో అది కలిహారి, మనకు అడవినాభి లేదా అగ్నిశిఖ. ఆయుర్వేదం దాన్ని లాంగలి పేరుతో ఉపవిషాల్లో చేర్చింది. దుంపను గోమూత్రంలో నానబెట్టి శుద్ధి చేశాకే మందులో వాడమంది. గర్భపాతిని అని ఇంకో పేరూ పెట్టింది. ఈ పేరును పాత దస్తావేజులా చదువుకోవచ్చు: పెరిగే ప్రాణానికి ఈ దుంప అడ్డుపడుతుందని పేరు పెట్టినవాళ్లకు తెలుసు. ఎలా అడ్డుపడుతుందో ఊహించడానికి ఆధారం మాత్రం చాలాకాలం తర్వాత ఉల్లివేరులో దొరికింది.

1820లో ఫ్రాన్స్‌లో పెల్తియే, కావెంతూ అనే రసాయనవేత్తలు కాల్చికమ్ మొక్క నుంచి ఒక ఆల్కలాయిడ్‌ను వేరుచేశారు. అదే కాల్చిసిన్, అడవినాభి దుంపలోనూ గింజల్లోనూ ఉన్న విషం కూడా అదే. 1938లో స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ లెవాన్ ఉల్లివేళ్లను కాల్చిసిన్ ద్రావణంలో ఉంచి, వేరుకొసల కణాలను మైక్రోస్కోపులో పరిశీలించాడు. ఉల్లి కణంలో క్రోమోజోములు 16 మాత్రమే, పైగా పెద్దవి కాబట్టి లెక్క తేలిక. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగే సన్నటి పోగులు ఏర్పడతాయి. కాల్చిసిన్ వాటిని ఏర్పడనివ్వదు. దాంతో క్రోమోజోములు రెట్టింపై, విడిపోలేక ఒకే కణంలో ఉండిపోతాయి.

ఇదే పద్ధతిలో మూలికల కషాయాలనూ ఉల్లివేరు మీద పరీక్షించవచ్చు. ఉల్లి మనిషి కాదు కదా అనే ఆక్షేపణ న్యాయమైనదే. మొక్కల కణాలు కాల్చిసిన్‌ను జంతుకణాల కంటే బాగా తట్టుకుంటాయి కాబట్టి, ఒక కషాయంలో ఉల్లివేరు నిక్షేపంగా పెరిగినంత మాత్రాన అది మనకు క్షేమమనలేం. కణవిభజన తగ్గిందని దాన్ని క్యాన్సర్ మందనీ అనలేం. ఉప్పు ఎక్కువైనా వేరు ఆగిపోతుంది. బిళ్ళగన్నేరులోని విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందును కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రవేత్తలు కనుగొన్నది ఉల్లివేరులో కాదు, ఎలుకల రక్తంలో తెల్లకణాలు తగ్గడం చూసి. ఇక తరతరాల వాడకమే రుజువు కదా అనేది రెండో వాదన. వాంతులో విరేచనాలో వెంటనే పట్టుకుంటే ఆ అనుభవం అందరికీ తెలుస్తుంది. ఏళ్ల తర్వాత బయటపడే హాని దానికి అందదు. ఈశ్వరి తీగ కుటుంబంలోని ఒక మొక్క కలిసిన సన్నబడే మందులు వాడి 1990ల్లో బెల్జియంలో ఎందరో మూత్రపిండాలు పోగొట్టుకున్నారు. కొందరికి తర్వాత మూత్రనాళ క్యాన్సర్ వచ్చింది.

కాబట్టి ఉల్లివేరు సాక్షి మాత్రమే, తీర్పరి కాదు. ఆ సాక్షిని సరైన ప్రశ్న అడగాలి. ఓరుగల్లు కాకతీయుల పేరు మోస్తున్న ప్రభుత్వ కళాశాల జగదల్‌పూర్‌లోనే ఉంది. అలాంటిచోట శుద్ధిచేసిన లాంగలి రసంలో ఒక ఉల్లిగడ్డనూ, చేయని రసంలో మరొకదాన్నీ పక్కపక్కన వేరూనించి చూస్తే, పాత శుద్ధి విషాన్ని ఎంత తగ్గించిందో మొదటి ఆనవాలు దొరుకుతుంది. పెద్దల మాటను గౌరవించడమంటే దాన్ని పరీక్షకు నిలబెట్టడమే.