ఖననమా, దహనమా? క్రైస్తవ లోకమున ఒక ప్రాచీన వివాదము

పొట్ట చేతబట్టుకొని పరదేశమునకు పోయినవాడు ఆ దేశమున మొట్టమొదట కొనెడి భూమి యేది? సాగుకు పొలమని కొందరును, ఇల్లు కట్టుకొనుటకు నివేశనస్థలమని కొందరును చెప్పుదురు. బైబిలు ఆదికాండమున అబ్రాహాము కథ వేరు విధముగా నున్నది. కనాను దేశమున చిరకాలము డేరాలలో కాపురముండిన ఆ వృద్ధుడు, భార్య శారా గతించినప్పుడు, హిత్తీయుల యెదుట నిలిచి, తాను వారి నడుమ పరదేశి ననియు, మృతురాలిని పాతిపెట్టుకొనుటకు కొంచెము తావు వెలకు ఇప్పింపవలసినదనియు వేడుకొనెను. ఎఫ్రోను అనువాడు ఊరకయే ఇచ్చెద ననెను. ముదుసలి అందులకు సమ్మతింపక, 400 తులముల వెండి సాక్షుల యెదుట తూచి యిచ్చి, మక్పేలా గుహను దాని పొలముతో సహా కొనెను. ఊరక వచ్చిన భూమి నేడు మనది, రేపు మనది కాకపోవచ్చునని ఆయన యెరుగును కాబోలు. తరతరములుగా పరభాషా ప్రాంతములందు కాపురములు చేయుచున్న మన కుటుంబములకు ఈ ఘట్టము వేరొకరు వివరింప నక్కరలేదు.

యూదుల ఆచారము ఖననమే. అబ్రాహాము మనుమడు యాకోబు ఐగుప్తున మరణించినను ఆయన శవమును సుగంధద్రవ్యములతో భద్రపరచి ఆ గుహకే చేర్చిరి. యోసేపు ఎముకలను మోషే తన ప్రజలతో కూడ ఐగుప్తునుండి మోసికొనిపోయెను. అయితే పాత నిబంధనలో దహనము బొత్తిగా లేదనుటకు వీలులేదు. ఫిలిష్తీయులు అవమానపరచిన సౌలు రాజు శవమును, అతని కుమారుల శవములను యాబేష్గిలాదువారు రాత్రికి రాత్రి తెచ్చి కాల్చి, ఎముకలను చెట్టు క్రింద పాతిపెట్టిరి. ఆ పనిని గ్రంథకర్త నిందింపలేదు సరిగదా, వారి సాహసముగానే వర్ణించెను. మొత్తము మీద చూడగా బైబిలులో ఖననము ఆచారముగా కనిపించునే గాని, దహింపరాదను స్పష్టమైన శాసనము ఎచ్చటను కానరాదు. వివాదమంతయు ఈ మౌనమునుండియే పుట్టినదని మా యభిప్రాయము.

యేసును అరిమతయియ యోసేపు రాతిలో తొలిపించిన క్రొత్త సమాధిలో ఉంచిరి. ప్రభువునకు జరిగినదే తమకును జరుగవలెనని తొలినాటి విశ్వాసులు కోరుట సహజము. వారు నివసించిన రోమునగరమున నాడు దహనమే విశేషముగా వాడుకలో నుండెను. బూడిదను కలశములలో నుంచి, గోడలలో వరుసలుగా అమర్చిన గూళ్లలో భద్రపరచెడివారు. అట్టి కట్టడమునకు వారు పెట్టిన పేరునకు పావురముల గూడని యర్థము. క్రైస్తవులో, నగరము వెలుపల ఆప్పియా మార్గము మొదలగు చోట్ల మెత్తని రాతినేలను తొలిచి, సొరంగముల ప్రక్కల అరలు చేసి, అందు తమవారిని పరుండబెట్టిరి. ఆ స్థలమునకు వారు వాడిన గ్రీకు మాటకు నిద్రాస్థానమని భావము. మన తెలుగు క్రైస్తవులు గతించినవారిని గూర్చి "ప్రభువునందు నిద్రించిరి" అనుట ఆ భావమునకు అనుగుణమైనదే.

రెండు మూడు శతాబ్దుల సంధికాలమున మినూకియుస్ ఫెలిక్సు అను లాటిను రచయిత, సముద్రతీరమున ముగ్గురు మిత్రుల సంభాషణగా ఒక గ్రంథము వ్రాసెను. అందు అన్యమతస్థుడు, క్రైస్తవులు చితిని అసహ్యించుకొందురని ఎత్తిపొడుచును. క్రైస్తవ మిత్రుని సమాధానము గమనింపదగినది. ఏ విధమున అంత్యక్రియ జరిగినను తమకు నష్టము కలుగునను భయము లేదనియు, భూమిలో ఉంచుట పురాతనమును ఉత్తమమును అగు ఆచారము గనుక దానినే పాటించుచున్నామనియు అతడు చెప్పెను. భయము కాదు, అభిమానము! ఈ భేదమును తరువాతి శతాబ్దులవారు పెక్కుమార్లు మరచిరి.

మరచుటకు కారణము గలదు. క్రీ. శ. 177లో గాల్ దేశమున లియోను నగరమందు క్రైస్తవులను చిత్రహింసలు పెట్టి చంపిరి. చంపి ఊరకుండలేదు. ఆరు దినములు శవములను బయట పడవైచి, పిమ్మట కాల్చి, ఆ బూడిదను రోను నదిలో కలిపిరి. పునరుత్థానమును నమ్మి నిర్భయముగా చచ్చుచున్న వీరికి ఆ ఆశ కూడ మిగులరాదనుట వారి తలంపు. చరిత్రకారుడు యూసేబియుసు భద్రపరచిన ఆనాటి లేఖ వలన ఈ సంగతి మనకు తెలియుచున్నది. నదిలో అస్థినిమజ్జనము మన దేశమున సద్గతికి సాధనము; అచ్చట అదే కార్యమును సద్గతికి అడ్డుకట్టగా చేసిరి. నిప్పు ఒక్కటే, నీరు ఒక్కటే, చేసినవారి సంకల్పము మాత్రము వేరు. సంకల్పమును బట్టియే క్రియకు అర్థమని గ్రహించినవారికి తరువాతి కథయంతయు సుబోధమగును.

ఐదవ శతాబ్దారంభమున అగస్తీను మహాశయుడు ఈ శంకను తీర్చుటకు చాల ప్రయాసపడెను. రోము దోపిడికి గురియైనప్పుడు పూడ్చుటకు దిక్కులేక పడియున్న శవములను తలచి విలపించుచున్నవారితో, అట్టి లోపము విశ్వాసులకు హాని చేయదనియు, అంత్యక్రియల ఆడంబరము బ్రతికినవారి ఊరటకే గాని చచ్చినవారి సహాయమునకు గాదనియు వాదించెను. అట్లని శవమును అలక్ష్యము చేయరాదనియు చెప్పెను. ఇంతలో రోమీయులే చితిని విడిచిపెట్టిరి. రెండవ శతాబ్దినుండియే ధనికులు చెక్కడపు రాతిపెట్టెలలో ఖననము కాజొచ్చిరి. ఐదవ శతాబ్దినాటి మక్రోబియుసు తన కాలమున దహనాచారము లేనేలేదని వ్రాసెను. ఈ మార్పునంతటిని క్రైస్తవుల ఖాతాలో వ్రాయుట సరికాదు. వారు లెక్కకు అల్పులైయున్న నాడే అది మొదలైనది.

క్రైస్తవము రాజమతమైన పిమ్మట అభిమానము శాసనముగా మారెను. ఎనిమిదవ శతాబ్ది చివర షార్ల్‌మేన్ చక్రవర్తి సాక్సనులను జయించి, అన్యమతాచారము ననుసరించి శవమును దహించినవారికి మరణదండన విధించెను. లియోనులో కాల్చుట క్రైస్తవులపై నేరము. ఇచ్చట కాల్చుట క్రైస్తవ రాజ్యముపై నేరము. అగ్ని మతద్రోహులకు వేయు శిక్షగా కూడ పరిణమించెను. ఇంగ్లండున జాన్ విక్లిఫ్ చనిపోయి నలుబది యేండ్లు దాటిన పిమ్మట, 1428లో, ఆయన ఎముకలను పెకలించి కాల్చి బూడిదను ఏటిలో పారబోసిరి. వేయి సంవత్సరములకు పైబడి గడచినను పగతీర్చుకొను విధానము మారలేదు.

ఖననమన్న శాశ్వత విశ్రాంతియని మనము భావింతుము. ఐరోపా నగరములలో అది పేరునకే. గుడి ఆవరణలోని కొద్దిపాటి నేలలో తరతరములవారిని పూడ్చుచు, పాత ఎముకలను త్రవ్వి అస్థిశాలలకు చేర్చుచుండిరి. పారిసున ఇన్నోసాఁ శ్మశానము 1780లో మూతపడగా, 1786 మొదలుకొని అందలి ఎముకలను బండ్లకెత్తి పాత రాతిగనులలోనికి తరలించిరి. లండనులో సమాధుల దుస్థితిని గూర్చి వాకర్ అను వైద్యుడు 1839లో వ్రాసిన గ్రంథము చదువుటకు గుండెదిటవు కావలెను. కనుకనే నగరము వెలుపల విశాలమైన క్రొత్త శ్మశానవాటికలు వెలసినవి. వానిలో మొదటివరుసలోనిది 1833లో తెరువబడిన కెన్సల్ గ్రీన్. తెలుగువారికి ఆ పేరు క్రొత్తది కాదు. మన నిఘంటుకర్త చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1884 డిసెంబరులో కన్నుమూసి అచ్చటనే భూస్థాపితుడయ్యెను.

ఆ 1884వ సంవత్సరమే ఇంగ్లండున ఈ వివాదము న్యాయస్థానమునకు ఎక్కినది. దానికి పదేండ్లకు పూర్వము, విక్టోరియా రాణి వైద్యులలో ఒకడగు సర్ హెన్రీ థామ్సన్, 1873 వియన్నా ప్రదర్శనమున ఇటలీ పండితుడు బ్రునెట్టి చూపిన దహనయంత్రమునకు ముగ్ధుడై, 1874లో దహన సంఘమును స్థాపించెను. అతని వాదము ఆరోగ్యమును గూర్చినదే గాని మతమును గూర్చినది కాదు. అయినను లింకను బిషప్పు క్రిస్టఫర్ వర్డ్స్‌వర్త్, కవి వర్డ్స్‌వర్త్ సోదరపుత్రుడు, వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలో దానిని ఖండించుచు ప్రసంగించెను. దహనము ప్రబలినచో సామాన్యులకు పునరుత్థానమందలి విశ్వాసము సడలునని ఆయన భయము. షాఫ్ట్స్‌బరీ ప్రభువు దీనికి ఒక్క ప్రశ్నతో బదులు చెప్పెను: అట్లయిన మంటలలో ప్రాణములు విడిచిన హతసాక్షుల గతి యేమి? పదునేడు వందల యేండ్లకు పిమ్మట లియోను హతసాక్షులు ఈ విధముగా చితిపక్షమున సాక్ష్యమునకు వచ్చిరన్నమాట.

సంఘమువారు వోకింగ్ అను చోట దహనశాల కట్టి, 1879లో ఒక గుఱ్ఱపు కళేబరముతో దానిని పరీక్షించిరి. ఊరివారు అలజడి చేయగా ప్రభుత్వము అడ్డుపడెను. ఆరేండ్లు కొలిమి చల్లగానే యుండెను. అంతలో వేల్సు దేశమున విలియం ప్రైస్ అను ఎనుబది మూడేండ్ల వింత వైద్యుడు, ప్రాచీన డ్రూయిడు మతము నాదని చెప్పుకొనువాడు, మరణించిన తన పసిబిడ్డను 1884 జనవరిలో ఒక ఆదివారమునాడు కొండమీద దహింపబోయెను. జనులు మంటనుండి శిశువును లాగి, తండ్రిని పోలీసులకు అప్పగించిరి. కార్డిఫ్‌లో విచారించిన న్యాయమూర్తి సర్ జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్, ఇతరులకు బాధ కలిగింపని దహనము నేరము కాదని తీర్పు చెప్పెను. ఈయన మనకు పరాయివాడు కాడు. కలకత్తాలో గవర్నరు జనరలు ఆలోచనసభలో శాసన సభ్యుడుగా ఉండి 1872 సాక్ష్య చట్టమును రచించినవాడు ఆయనయే. ఆ చట్టమును 2024 జూలై వరకు మన న్యాయవాదులు పుక్కిట బట్టిరి. తీర్పు వెలువడిన మరుసటి యేడు, 1885 మార్చి 26వ తేదీన, వోకింగ్‌లో మొదటి మానవదహనము జరిగెను. అప్పటికి బ్రౌను గతించి నాలుగు మాసములైనను కాలేదు.

ఇటలీలో వ్యవహారము వేరు త్రోవ పట్టెను. అచ్చట దహనోద్యమమును నడపినవారిలో పెక్కురు ఫ్రీమేసనులు, చర్చి అధికారమును ధిక్కరించువారు. 1876లో మిలానులో మొదలైన దహనశాల వారికి ఆరోగ్య సంస్కరణ మాత్రమే కాదు, పోపుకు ఎదురుగా ఎత్తిన జెండా. కనుకనే 1886 మే 19న రోము దానిని నిషేధించెను. 1917 ధర్మశాస్త్రము, దహనము కోరినవారికి క్రైస్తవ భూస్థాపన నిరాకరింపవలెనని ఆజ్ఞాపించెను. విశ్వాససూత్రమునకు దహనము విరుద్ధమని ఆ పెద్దలు చెప్పలేదు. అవిశ్వాసపు ధ్వజముగా ఎత్తిన చేతులను చూచి నిషేధించిరి. అమెరికాలో 1876 డిసెంబరున జరిగిన తొలి నూతనదహనము కూడ చర్చి ఛాయలలో జరిగినది కాదు. డి పామ్ అను దివ్యజ్ఞాన సమాజ సభ్యునకు దానిని జరిపించినవాడు కర్నల్ ఆల్కాట్. తరువాత మదరాసు అడయారున స్థిరపడిన ఆ ఆల్కాట్ దొరయే 1907లో అక్కడనే చితికెక్కెను.

ప్రొటెస్టెంటు లోకమున పట్టు క్రమముగా సడలెను. ఇంగ్లండు 1902లో దహన చట్టము చేసెను. కాంటర్బరీ ఆర్చిబిషప్పు విలియం టెంపుల్ 1944 అక్టోబరున మరణింపగా ఆయన శరీరమును దహించి, బూడిదను కథీడ్రలు ఆవరణలో తండ్రి సమాధి చెంత నుంచిరి. అటుపై రెండు మాసములకు, 1945 జనవరి 1వ తేదీన, మన దోర్నకల్ బిషప్పు అజరయ్య మరణించి దోర్నకల్లుననే సమాధి చేయబడెను. తమిళదేశమున పుట్టి, తెలుగు నేర్చి, తెలుగువారి నడుమ మట్టియైనవాడు! తమిళనాట తెలుగువారమైన మనలో కొందరికి ఆయన జీవితము అద్దమున కనిపించు ప్రతిబింబము వలె నుండును.

రోము 1963 జూలైలో నిషేధమును తొలగించెను. క్రైస్తవ సిద్ధాంతమును ధిక్కరించుటకు కాకున్నచో దహనము దోషము కాదనియు, ఖననమే మేలైనదనియు చెప్పెను. 1983 ధర్మశాస్త్రము దానినే స్థిరపరచెను. మినూకియుస్ నాటి సమాధానమునకే మరల వచ్చినట్లయినది. తూర్పు ఆర్థడాక్సు సంఘములు మాత్రము నేటికిని ఎక్కువగా ఖననమునే పట్టియున్నవి. గ్రీసు దేశమున మొదటి దహనశాల 2019లో గాని తెరువబడలేదు.

ఇక మన తెలుగు క్రైస్తవుల సంగతి. ఖననము దొరలు తెచ్చిన ఆచారమని కొందరు పొరుగువారు తలంతురు. ఇది తొందరపాటు. తెలుగునాట క్రైస్తవము విశేషముగా వ్యాపించిన మాల మాదిగ పల్లెలలో మిషనరీల రాకకు పూర్వమే మృతులను పాతిపెట్టు వాడుక కలదు. లింగాయతులు కూర్చుండబెట్టి సమాధి చేయుదురని కర్ణాటకమందలి మనవారు చూచియే యున్నారు. సన్న్యాసులకు, పసిబిడ్డలకు దహనము లేదని హిందూ కుటుంబములన్నియు ఎరుగును. కావున మన దేశమున మన్నును మంటయు మతమునకు గుర్తులుగా విడిపోయినవి కావు. రెండును ఇరుగుపొరుగుగానే యున్నవి.

ఇప్పటి చిక్కు సిద్ధాంతమునుండి కాక, స్థలాభావమునుండి వచ్చినది. మదరాసు కీల్పాకమున, బొంబాయి సేవ్రీలో పాత శ్మశానములు నిండిపోయినవి. ఒక కుటుంబపు గోతినే మరల త్రవ్వి మరియొకరిని ఉంచుట వాడుకయైనది. సొంత ఊరు విడిచి మూడు నాలుగు తరములైన కుటుంబమునకు ఏటేట నవంబరు 2న సమాధుల పండుగనాడు సున్నము వేసి, పూలుంచి, క్రొవ్వొత్తి వెలిగించుటకు ఒక రాయి యుండుట చిన్న సంగతి కాదు. అదియే వారి మక్పేలా. దానిని విడువుమని చెప్పుట సులభము. చెప్పించుకొనువారికి గాని అందలి కష్టము తెలియదు.

2020లో కరోనా వ్యాధి ఈ ప్రశ్నను తలుపు తట్టి యడిగినది. మార్చి 30న బొంబాయి నగరపాలక సంస్థ, ఆ వ్యాధితో మరణించినవారిని మతభేదము లేక దహింపవలెనని ఉత్తరువు చేసి, ఆ దినముననే ఉపసంహరించుకొనెను. జూలైలో కేరళ ఆలప్పుళ కథోలిక మేత్రాసనము స్వయముగా దహనమునకు అనుమతి నిచ్చెను. ఆ సముద్రతీరమున కొంచెము త్రవ్వగానే నీరు ఊరును. ఆజ్ఞాపించినంత లోతు గొయ్యి తీయుట సాధ్యము కాదు. చర్చి శ్మశానముననే చితి పేర్చి, ప్రార్థన జరిపి, మిగిలిన అస్థికలను అచ్చటనే భూస్థాపన చేసిరి. నిప్పును మన్నును ఒకే క్రియలో కలిపిన యాబేష్గిలాదువారి పద్ధతి ఇదియే గదా!

బూడిదను ఇంట నుంచుకొనుట, గాలిలో నీటిలో వెదజల్లుట తగదని రోము 2016లో ఆదేశించెను. 2023 డిసెంబరులో బొలోన్యా కార్డినలు అడిగిన ప్రశ్నకు ప్రత్యుత్తరముగా, పలువురి బూడిదను ఒకే పవిత్రస్థలమున కలిపి యుంచవచ్చునని అనుమతించినది. నియమము ఒక్కటి పెట్టినది: జ్ఞాపకము చెదరిపోకుండునట్లు అందున్న ప్రతివాని పేరును అచ్చట వేరువేరుగా వ్రాసియుంచవలెను.